పాతపేట అత్తరు

నమోదు 41

బట్టీలో రోజూ ఏం కాచానో, ఎంత నూనె దిగిందో రాసిపెట్టమని గాలి కమిటీ వాళ్ళ హుకుం. రాస్తున్నాను. ఈరోజు మరువం కాచాను. చిన్న సీసాలో సగం దిగింది. వాళ్ళకు కావలసింది ఇంతే, అయిపోయింది. మిగతా పేజీ ఖాళీగా వదలడానికి నాకు మనసొప్పదు కాబట్టి నాకు తోచింది రాస్తాను. కమిటీ పెద్ద కోదండం గారు చదివి నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

పాతపేట వదిలి కొత్తపేటకు మారి నెల కాలేదు. అన్నీ బాగానే ఉన్నాయి. గోడలు తెల్లగా ఉన్నాయి, పైకప్పు నుంచి అన్నంలోకి రాతిపొడి రాలడం లేదు. గాలి మాత్రం మరీ శుభ్రం. కడుగుతారు, వడకడతారు, మళ్ళీ కడుగుతారు. నిన్న నా పొయ్యి మీద పులుసు అడుగంటి బొగ్గయ్యేదాకా పక్కనే ఉన్న నాకు తెలియలేదు. చంద్రుడి మీదకు వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది గానీ, ఇలా ముక్కున్నా లేనట్టే బతకడం ఇదే మొదలు.

అందుకేనేమో వాసన వంతుకు జనం విరగబడుతున్నారు. పాతపేట నుంచీ ఉన్న ఆనవాయితీ ఇది. వారానికో ఇంటివాళ్ళు తమకు కావలసిన వాసన చెబుతారు, నేను ఆ నూనె తీసి ఇస్తాను, సాయంత్రం నడిమి హాల్లో దాన్ని గాలి చిమ్మే మర ముందు పెడతారు. ఆ కాసేపు వడపోత ఆపేస్తారు. ఈ వారం ధవనం. భూమి నుంచి వచ్చిన మా ముసలి ముఠా అంతా ముక్కులు ఎగబీల్చి, కళ్ళు ఒత్తుకుని, మా అమ్మ జడ అని ఒకరు, మా ఊరి తేరు అని ఒకరు నానా గోలా చేశాం. నాకైతే కడియం దగ్గర మా నాన్న పూలతోటలో తెల్లవారకముందే మొదలయ్యే కోతలు గుర్తొచ్చాయి. తడి గోనెసంచి మీద కట్టలు కట్టలుగా ధవనం, దాని మీద మా అమ్మ చల్లే నీళ్ళు. ఏడవబోయి ఆగాను. పక్కన భూలక్ష్మి ఉంది మరి.

భూలక్ష్మి నా మేనకోడలు. పోయిన నా తమ్ముడు సత్తిరాజు కూతురు. తల్లి ముందే పోయింది. పిల్ల ఇక్కడే పుట్టింది. ఇక్కడ పుట్టినవాళ్ళ ఎముకలు భూమి బరువుకు ఆగవని డాక్టర్లు చెప్పేశారు కనుక భూమి చూసే యోగం దానికి లేదు. ఆ బెంగతోనే మా వాడు దానికి ఆ పేరు పెట్టుకున్నాడు. పాతపేటలో నాచుతొట్ల దగ్గర పని చేసేది. మా తిండిలో సగం ఆ నాచే. తొట్టి మీద వంగి పాటలు పాడుకుంటూ చేసేది. హాల్లో ఇవాళ ఆ పిల్ల నా పక్కనే కూచుని గోడకేసి చూస్తూ ఉంది. ధవనం వాసన తగిలిందో లేదో కూడా తెలియలేదు. "ఏమే, ఒంట్లో బాగాలేదా?" అన్నాను. "బాగానే ఉందత్తా" అంది. ఆ గొంతు నాకు నచ్చలేదు.

నమోదు 44

కాచినది: లావెండర్. దిగింది బాగానే.

పొద్దున్నే అబ్బులు వచ్చాడు. భూలక్ష్మి మొగుడు. పేట బయట, గాలి లేని చోట, రాళ్ళ మీద గొట్టాలు బిగించే పని. మంచివాడే గానీ మాట బయటికి రావడానికి వాడికో పూట పడుతుంది. గుమ్మంలో నిలబడి కాళ్ళు మారుస్తున్నాడు.

"చెప్పరా బాబూ, నా బట్టీ చల్లారిపోతుంది."

"భూలచ్చిమి లేవట్లేదు పెద్దమ్మా."

"జ్వరమా?"

"జ్వరం కాదు. లేవదు, తినదు, పడుకోదు. నిన్న నేను డ్యూటీ నుంచి వచ్చేటప్పటికి, నేను పొద్దున్న ఎక్కడ చూసెళ్ళానో అక్కడే కూచునుంది. పలకరిత్తే... నేను లేకపోతే మీకేం లోటని అడిగింది పెద్దమ్మా."

నా చేతిలో గరిటె కింద పెట్టి వెంటనే పిల్లను డాక్టర్ షహనాజ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పిల్లతో చాలాసేపు విడిగా మాట్లాడింది. బయటికి వచ్చి దాచకుండా చెప్పింది. డిప్రెషన్, చిన్నది కాదు. మాత్రలు మొదలుపెడుతోంది, అవి పట్టుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా పిల్లను ఒంటరిగా వదలకూడదు. కాస్త తిండి, కాస్త నిద్ర ఎలాగైనా పట్టించాలి.

"తాయారుగారూ, ఆ నిద్ర సంగతి మీరు చూడండి. మీ నూనెలు జబ్బు కుదర్చవని మీకూ తెలుసు. కానీ చాలామందికి మనసు కాస్త వదులవుతుంది. ఆ కాస్తే నాకు కావాలి."

"మీరు చెప్పాలా డాక్టరమ్మా! అది నా పిల్ల" అన్నాను.

సాయంత్రం నువ్వులనూనెలో రెండు చుక్కల లావెండర్ కలిపి దాని అరికాళ్ళకు రాశాను. వట్టివేరు నూనె దిండు దగ్గర పెట్టాను. ఇక్కడ చుక్క సీసాలోంచి దిగడానికి కూడా బద్ధకిస్తుంది, ఊగుతూ ఊగుతూ పడుతుంది. దాన్ని చూస్తూ కూచుంది పిల్ల. మా నాన్న ఎండాకాలంలో వట్టివేళ్ళ తడికలు ఎలా కట్టేవాడో కథలా చెప్పాను. "బాగుందత్తా" అంది. వాసనా, కథా, ఏది బాగుందో చెప్పలేదు.

నమోదు 49

కాచినది: మల్లె, సంపంగి, నిమ్మగడ్డి. అవును, అన్నీ ఒకే వారంలో. దీపాల వెలుగులో పెంచే తోటలో ఉన్న మల్లెమొగ్గలన్నీ కోసేశాను. కమిటీ అడిగితే నాదే పూచీ.

ఏం లాభం లేదు. మల్లెకు కళ్ళు మూసుకుంది. వాసన పీలుస్తోందనుకుని సంబరపడ్డాను. వెలుతురు పడక మూసుకుందట. సంపంగికి తలనొప్పి అంది. నిమ్మగడ్డికి ఏమీ అనలేదు. నిద్ర లేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరచిపోతోంది. చెంపలు లోపలికి పోయాయి. డాక్టరమ్మ పొద్దున వచ్చి బరువు చూసి పెదవి విరిచింది. వంతులవారీగా పక్కన మనిషి ఉంటున్నాం. పగలు నేను, మిగతా పూట అబ్బులు.

నాకు భయమేస్తోంది. ఇక్కడ రాసుకుంటున్నాను, పైకి చెప్పను. తమ్ముడు పోయేముందు నా చెయ్యి పట్టుకుని పిల్లను అప్పగించాడు. ఆ పిల్ల నా చేతుల్లోంచే జారిపోతుంటే నేను పూలు కోసుకుంటూ కూచున్నాను.

నమోదు 50

ఏమీ కాయలేదు. పోట్లాడాను.

మరువం తీసుకెళ్ళాను. సీసా మూత తియ్యగానే పిల్ల మొహం తిప్పేసుకుంది. నాకు ఒళ్ళు మండింది. "ఏమిటే నీ తంతు? నీకోసం నేను తోట తోటంతా గుండు కొట్టిస్తుంటే, పోనీ అని ఒక్కసారి మనసారా పీల్చవు! ఇంకేం తేవాలే నీకు?"

అది నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఇన్నాళ్ళకు మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఇయ్యన్నీ నీయత్తా. మీ అమ్మ జడ, మీ నాన్న తోట, మీ ఊరు. నేనేం చూశాను? అయ్యి నాకు ఎవరో పరాయోళ్ళ చుట్టాల్లాగా ఉంటాయి. నువ్వు ఏడుత్తావని చిన్నప్పటినుంచీ బాగుంది బాగుందంటన్నాను. ఇంక అనలేనత్తా, ఓపిక లేదు."

చెంప మీద కొట్టినట్టయింది. అబ్బులు ఇంకా డ్యూటీకి వెళ్ళలేదు కనుక పిల్లను వాడికి వదిలి, సీసా తీసుకుని వచ్చేశాను. దారిలో ఎవరు పలకరించినా కసిరాను.

బట్టీ దగ్గర కూచుని ఆలోచిస్తే కోపం పోయి సిగ్గు మిగిలింది. ఈ పేటలో మేం అందరం ఇదే చేశాం. మనసు బాగాలేదని ఎవరొచ్చినా మా ఊళ్ళ పూలే వాళ్ళ ముక్కు కింద పెట్టాం. ఇల్లంటే భూమే అనుకున్నాం. ఇక్కడ పుట్టిన పిల్లలకూ ఒక ఇల్లు ఉందని, దాన్ని మొన్నే తాళం వేసి వచ్చామని ఒక్కరికీ తట్టలేదు.

మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. దాని మంచం మీద కూచుని అడిగాను. "నీకేది కావాలే? నీ వాసన చెప్పు."

కళ్ళు మూసుకుంది. నిద్రలోకి జారిందనుకున్నాను.

"నాన్న బయట పన్నుంచి వచ్చి గాలిటోపీ తీసినప్పుడు వచ్చేది" అంది. "ఆ మాడు వాసన. తర్వాత తొట్లది. అదీ ఇదీ కలిసి." అంతే. గోడ వైపు తిరిగి పడుకుంది.

నమోదు 51

కోదండం గారి దగ్గరికి వెళ్ళాను. పాతపేటలో మిగిలిన గాలిని ఇటు లాగేసి, తలుపులకు శాశ్వతంగా సీలు వేస్తారట, ఈ వారంలోనే. పగుళ్ళు పెరుగుతున్నాయి, ఆగడానికి లేదు. గాలి పోతే వాసన కూడా పోతుంది. నాకు ఒక పూట లోపలికి వెళ్ళాలి అన్నాను.

"అక్కడేముందండీ?"

"కంపు."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "తాయారమ్మగారూ, ఆ కంపు భరించలేమని ప్రతి మీటింగులో బల్ల గుద్దింది మీరు కాదుటండీ? ఆయ్, మీ గోల పడలేకే కదా ఇక్కడ ఇన్ని వడపోతలు పెట్టించాం!"

"పెట్టించారు, సంతోషం. ఇప్పుడు ఆ కంపు ఒక సీసాడు కావాలి." భూలక్ష్మి సంగతి చెప్పాను. ఆయన కాసేపు వేళ్ళతో బల్ల మీద తాళం వేశాడు. తరవాత ఒక పూటకు తలుపు తెరిపిస్తానన్నాడు. బయటి దుమ్ము మాత్రం కొత్తపేటలోకి గింజంత కూడా రాకూడదన్నాడు. దానికీ ఒప్పుకున్నాను. అది ఎలా కుదురుతుందో అప్పటికి నాకు తెలియదు.

నమోదు 52

పాతపేటకు వెళ్ళి వచ్చాను.

డాక్టరమ్మ భూలక్ష్మి దగ్గర కూచుంటానంది. అబ్బులూ నేనూ వెళ్ళాం. తలుపు తెరుచుకోగానే వాసన మొహాన తగిలింది. పులిసి పొంగిపోయిన అట్లపిండిలాంటి నాచు పులుపు. వేడెక్కిన రబ్బరు. ఇంతమంది ఇన్నేళ్ళు వేయించిన తాలింపు గోడలకు కప్పిన గుడ్డల్లోకి ఇంకి మురిగిన జిడ్డు. చెమట, తడిబట్టలు, పిల్లల పక్కగుడ్డలు. ముక్కు మూసుకుందామని చెయ్యెత్తాను. చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

ఏడ్చాను. ధవనానికి కళ్ళు ఒత్తుకున్న ఏడుపు కాదు, నడుం వంగిపోయేంత ఏడుపు. ఇదిగో ఇక్కడే తమ్ముడూ నేనూ మొదటి పొయ్యి వెలిగించాం. ఇక్కడే భూలక్ష్మి మొదటి అడుగులు వేసింది, ఒక అడుగు వేస్తే బుడగలా పైకి లేచేది, వాడు కాలు పట్టుకుని కిందికి లాగేవాడు. కడియంలో నేను బతికిన దానికంటే ఇక్కడ బతికిందే ఎక్కువ. ఆ సంగతి ఇన్నాళ్ళూ లెక్కే వేసుకోలేదు. నా ఊరు ఎక్కడని అడిగితే ఠపీమని కడియం అనేదాన్ని. నా ఊరు ఇదే. నేనే కంపు కంపు అని తిట్టిపోసిన ఈ ఊరే.

అబ్బులు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తరవాత ఇద్దరం పనిలో పడ్డాం. తొట్ల అంచున ఎండిపోయిన నాచు చెక్కులు గీకాం. వంటగది గోడగుడ్డ కోశాం. తలుపుల రబ్బరు పట్టీలు ఊడదీశాం. మిగిలింది దుమ్ము.

బయటి దుమ్ముతోనే చిక్కు. బయట పని చేసేవాళ్ళు లోపలికి వచ్చి గాలిటోపీ తియ్యగానే టపాకాయలు కాల్చిన మర్నాటి వీధిలాగా ఒక వాసన వస్తుంది. తడిగాలి తగిలితే కాసేపట్లో చచ్చిపోతుంది, మిగిలేది ఉత్త బూడిద. కొత్తపేటలో అయితే గుమ్మంలోనే మనిషిని కడిగేస్తారు కనుక ఆ కాసేపు కూడా లేదు. భూలక్ష్మి నెల రోజులుగా మొగుడు ఇంటికి వస్తున్నా వచ్చినట్టు తెలియక కూచుందంటే తప్పు ఎవరిది?

"పెద్దమ్మా, గాలి తగలకుండా నూనెలోకే దింపితే?" అన్నాడు అబ్బులు. పూట పట్టినా వాడి మాట పనికొచ్చింది. గంధపు నూనె డబ్బా వాడికిచ్చాను. అడుగున మిగిలిన గంధం అదే, భూమి నుంచి తెచ్చినది, మళ్ళీ రాదు. వాడు బయటి కోటూ గాలిటోపీ తొడుక్కుని డబ్బాతో బయటికి వెళ్ళాడు. అక్కడే మూత తీసి దుమ్ము పోసి, అక్కడే మూత బిగించి తెచ్చాడు. నూనె నల్లటి బురదైపోయింది.

బట్టీ కూడా అక్కడే పెట్టాను. దుమ్ము ఇటు రాకూడదు కదా. నాచూ రబ్బరూ గోడగుడ్డా బానలో వేసి నీళ్ళు పోసి వేడి పెట్టాను. పైకి లేచిన ఆవిరిని గొట్టంలోంచి చల్లార్చి ఆ గంధంలోకే దింపాను. నా జన్మలో ఇంత అసహ్యమైన సరుకు ఎప్పుడూ కాయలేదు, ఇంత జాగ్రత్తగానూ కాయలేదు. దుమ్ము అడుగుకు దిగాక పై తేట గుడ్డలో వడగట్టి ఒక సీసాలో పోశాను. చిన్న సీసా నిండింది.

నమోదు 53

సీసా మూతకు మైనం పూసే లోపు వాసన నా గది బయట వరండా అంతా పాకింది. మా ముసలివాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని, తాయారుకు మతి పోయిందని అరిచారు. నేనూ అరిచాను. కాసేపటికి అరుపులు తగ్గి, గుమ్మంలో ఎవరో ఉన్నట్టు అనిపించి తిరిగి చూశాను. ఇక్కడ పుట్టిన పిల్లలు. నర్సు పని చేసే అమ్మాయి, బడి పంతులు, ఇంకా చాలామంది.

"ఏం కావాలమ్మా?" అన్నాను.

"ఏం లేదండి. ఊరికే... నిలబడతాం" అంది నర్సమ్మాయి. కళ్ళనిండా నీళ్ళు.

నిలబడనిచ్చాను.

తరవాత భూలక్ష్మి దగ్గరికి వెళ్ళాను. డాక్టరమ్మ పక్కనే ఉంది. దూది మీద ఒకే చుక్క వేసి దాని చేతికి ఇచ్చాను. ఒంటికి రాయలేదు, ఆ సరుకు ఒంటికి ఏం చేస్తుందో ఎవరికి తెలుసు. అది మర్యాదకు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆగింది. మళ్ళీ పీల్చింది.

"ఛీ" అంది. "ఛీ అత్తా! ఎంత కంపో!"

అంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది. నవ్వింది. మళ్ళీ ఏడ్చింది. నాన్న చేతితొడుగు తీసి తల మీద చెయ్యి పెట్టేవాడని, జుట్టంతా దుమ్మైతే అమ్మ తిట్టేదని, తను కావాలనే తల కడుక్కోకుండా పడుకునేదని, ఒకదాని వెంట ఒకటి చెబుతూనే ఉంది. అబ్బులు దాని కాళ్ళ దగ్గర కూచుని వింటూ ఉన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. నిజం నిద్ర. నోరు తెరుచుకుని గురక పెట్టింది. ఆ గురక వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

బయటికి వచ్చాక డాక్టరమ్మ అంది, "మాత్ర కూడా పట్టుకోవడం మొదలుపెట్టి ఉండొచ్చు తాయారుగారూ. గొప్ప ఎవరిదో తర్వాత తేల్చుకుందాం, ఇవాళ్టికి ఇద్దరం టీ తాగుదాం." తాగాం.

నమోదు 56

కాచినది: ఏమీ లేదు.

అన్ని రోజులూ ఒకలా లేవు. నిన్న మళ్ళీ మంచం దిగలేదు, సీసా కూడా వద్దంది. డాక్టరమ్మ ఇలాగే ఉంటుంది, ఎగుడుదిగుడుగానే వెళుతుంది అంది. మాత్రలు నడుస్తున్నాయి. ఇవాళ పాతపేటను మూసేస్తారని తెలిసి పిల్ల తనే లేచి స్నానం చేసింది. చూడటానికి వస్తానంది. నాకు ఇష్టం లేదు. డాక్టరమ్మ రానివ్వమంది.

అద్దం ఉన్న తలుపు దగ్గర జనం నిలబడ్డారు. అవతల పాతపేట దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చారు. మరలు గాలిని ఇటు లాగుతున్న చప్పుడు చాలాసేపు సాగి, సన్నబడి, ఆగిపోయింది. అక్కడ ఇంక ఏమీ లేదు. కోదండం గారు సీలు వేశాడు. ఒక్కొక్కరూ ఇళ్ళకు పోయారు, మేం ఇద్దరం మిగిలాం. భూలక్ష్మి అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. దాన్ని పట్టుకోవడానికి నేను చేతులు సిద్ధం చేసుకున్నాను.

అది నా వైపు తిరిగి అడిగింది. "అత్తా, నువ్వు మీ ఊరి నుంచి వచ్చేసినప్పుడు నీకూ ఇలాగే ఉందా?"

ముప్ఫై ఏళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

"ఉందమ్మా."

"ఎన్నాళ్ళు?"

"చాన్నాళ్ళు."

"మరి ఎవరికి చెప్పుకున్నావు?"

"ఎవరికీ చెప్పుకోలేదే. నూనెలు కాచాను" అన్నాను. అని ఊరుకోలేకపోయాను. ఈ వయసులో, ఆ తలుపు ముందు, దాని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ఎముకలు తేలిన భుజం. నన్ను పట్టుకుని నిలబడింది, ఒక చేత్తో నా వీపు నిమురుతూ.

"ఇంక నాకు చెప్పత్తా" అంది. నా కొంగుతోనే నా మొహం తుడిచి, "పద, ఇంటికెళదాం. నాకు ఆకలేత్తంది" అంది.